శౌరమ్మ మొదటి బంతి

ఉయ్యూరు పరిసరాల్లో శౌరమ్మ చేతి పప్పుచారు తాగనివాళ్ళెవరైనా ఉన్నారంటే, వాళ్ళు మొన్ననే బదిలీ మీద వచ్చి ఉండాలి. పెళ్ళిళ్ళకీ, నామకరణాలకీ, చర్చి పండగలకీ ఆమే వంట మేస్త్రి. ఆ పని మొదట ఆమె భర్త మరియదాసుది. ఆయన పోయాక గరిటె ఎవరికి అప్పజెప్పాలా అని కుటుంబ పెద్దలు కూర్చుని చర్చలు పెట్టారు. ఆ పెద్దలకు భోజనం వండడానికని గరిటె పట్టుకున్న శౌరమ్మ, మళ్ళీ దాన్ని కింద పెట్టలేదు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పొయ్యి దగ్గర నిలబడి కేకేస్తే పందిరి చివర కూర్చున్నవాళ్ళు కూడా విస్తరి సర్దుకునేవారు.

ఇంతమందికి వండిన మనిషికి తీరని కోరిక ఒకటుంది. అదేమంత పెద్ద కోరిక కాదు, అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయింది. మొదటి బంతిలో కూర్చుని వేడివేడిగా భోంచేయాలి. అంతే.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ మన విందుల్లో బంతుల సంగతి తెలియనిదెవరికి? మొదటి బంతిలో పెద్దమనుషులు, రెండో బంతిలో బంధువులు, మూడో బంతిలో ఆ బంధువుల బంధువులు, తర్వాత బ్యాండు మేళంవాళ్ళు, బస్సు డ్రైవర్లు. వాళ్ళందరూ చేతులు కడుక్కుని కిళ్ళీలు నములుతుండగా వంటవాళ్ళ వంతు వస్తుంది. అప్పటికి చారులో కరివేపాకు తప్ప ఏమీ ఉండదు. పొగకీ, వాసనకీ ఆకలి కూడా చచ్చిపోతుంది. గుండిగకు ఆనుకుని నిలబడి, అడుగంటిన అన్నం గరిటెతో గీకి, పచ్చడి ముద్దతో నాలుగు ముద్దలు మింగి కానిచ్చేసేది శౌరమ్మ. "ఇంకొంచెం వేయించుకోండి" అన్న మాట ఆమె వేలసార్లు వింది, కానీ ఒక్కసారి కూడా అది తనను ఉద్దేశించి అన్నది కాదు.

చుట్టాల పెళ్ళికి చుట్టంలా వెళ్ళినా అదే వరస. పట్టుచీర కట్టుకుని ఈమె గుమ్మంలో అడుగు పెట్టగానే, "అమ్మయ్య, శౌరమ్మ వచ్చింది, ఒకసారి ఉప్పు చూడమనండి" అనేవాళ్ళు. ఉప్పు చూడ్డానికి లోపలికి వెళ్ళిన మనిషి పెళ్ళయ్యాక బయటికి వచ్చేది. సొంత కూతురి పెళ్ళిలో కూడా, ఫాదర్ గారు వధూవరులకు ఆశీర్వాదమిస్తుంటే ఈమె చూపు మాత్రం చర్చి వెనకాల లేస్తున్న పొగ మీదే ఉంది. ఆ రోజే పెళ్ళికొడుకు తల్లి అమలమ్మ, తమకు మర్యాదలు సరిగ్గా జరగలేదని తగువు పెట్టుకోవడానికి వంటపందిట్లోకి వచ్చింది. వచ్చి, కోయకుండా పడున్న ఉల్లిపాయల గుట్ట చూసి, తగువు తర్వాత పెట్టుకోవచ్చులే అని కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. ఆ తగువు ఇప్పటికీ మొదలవలేదు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరినొకరు వదినా వదినా అనుకుంటూ ఊరూరా కలిసే వండుతున్నారు.

ఇలా ఉండగా, విజయవాడలో ఒక విచారణవాళ్ళు, అంటే ఒక చర్చి కిందివాళ్ళు, వేళాంగణి యాత్ర పెట్టుకున్నారు. తిరుగుదారిలో కొడైకెనాల్ చూసి రావాలని కూడా అనుకున్నారు. యాత్రకు నాయకుడు అబ్రహాము మాస్టారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, మెడలో ఈల మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. చాలా ఏళ్ళ కింద ఒక యాత్రలో ఆయన దారి పక్క ఒక ప్లేటు పరోటా తిన్నారు. అక్కడి నుంచి రెండు జిల్లాల పొడుగునా బస్సు ఆపించుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆయన సిద్ధాంతం ఒకటే: మన బియ్యం, మన కారం, మన వంటమనిషి. అందుకే శౌరమ్మను, అమలమ్మను వెంటబెట్టుకుని బయల్దేరారు.

బస్సు డిక్కీలో సన్నబియ్యం బస్తాలు, కందిపప్పు, కారం డబ్బాలు, గోంగూర పచ్చడి జాడీలు, గ్యాసు పొయ్యి, రెండు గుండిగలు దర్జాగా కూర్చున్నాయి. మనుషుల సంచులు మనుషుల ఒళ్ళోకి వచ్చాయి. బస్సులో ఉన్న నలభై మందీ తమిళదేశాన్ని కళ్ళతో చూశారు తప్ప నోటితో చూడలేదు. ఊరూరా హోటళ్ళ నుంచి సాంబారు వాసన బస్సులోకి దూరినప్పుడల్లా మాస్టారు కిటికీలు వేయించేవారు. శౌరమ్మ మాత్రం తన కిటికీ ఓరగా తెరిచి ఉంచుకునేది.

"ఒదినా, యాత్రంటే అందరికీ దేవుడు గుర్తొస్తాడు. నాకేమో విస్తరి గుర్తొస్తంది" అంది ఒక పూట అమలమ్మతో. "ఒక్కసారి, వేరేవాళ్ళు వండాల, వేరేవాళ్ళు వడ్డించాల, నేను కూర్చుని తినాల. మొదటి బంతిలో. అట్టాంటి రోజొకటి వచ్చుద్దంటావా?"

"వచ్చుద్ది వదినా, ఎందుకు రాదు? అయితే ఆ రోజు కూడా ఎవడో ఒకడు ఉప్పు చూడమంటాడు" అంది అమలమ్మ. ఓదార్చడంలో ఆమెది అదో పద్ధతి.

కొడైకెనాల్లో పొద్దున్నే మంకీ టోపీలు, శాలువాలు, ఎవరి స్వెట్టరో ఎవరికీ తెలియని గందరగోళంతో బస్సు సరస్సు చూడ్డానికి బయల్దేరింది. వంటవాళ్ళిద్దరూ లాడ్జి వెనక రేకుల షెడ్డులో పొయ్యి వెలిగించారు. గుండిగలో నీళ్ళు తొందరగానే మరిగాయి. శౌరమ్మ మురిసిపోయి కందిపప్పు పోసింది. ఆ మురిపెం అక్కడితో సరి. పప్పు ఉడుకుతూనే ఉంది, మెత్తబడ్డం మాత్రం లేదు. కూరగాయలు కోయడం అయింది, అన్నం పలుకుమీదే ఆగింది, పప్పు గింజ మాత్రం కొట్లో ఎట్టా ఉందో అట్టాగే ఉంది. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కితే అది జారి ఎగిరి అమలమ్మ నుదుటికి తగిలింది.

"ఏంటొదినా, ఈ పప్పుకేం రోగం? వేళాంగణిలో వెన్నలా ఉడికిందిగా!"

"చలికి ముడుచుకుందేమో. కాస్త తినేసోడా వేద్దామా?"

"సోడా వేసిన పప్పు నా చేత్తో వడ్డించను" అని శౌరమ్మ మంట పెంచింది. పప్పు మరింత ఉత్సాహంగా గంతులేసింది తప్ప లొంగలేదు.

మధ్యాహ్నానికి బస్సు తిరిగొచ్చింది. చలిగాలికి అందరికీ ఆకలి దంచేస్తోంది. మాస్టారు గరిటెడు పప్పు తీసి నోట్లో వేసుకున్నారు. పంటి కింద వచ్చిన చప్పుడు అందరికీ వినబడింది. దూరంగా బస్సు తుడుచుకుంటున్న డ్రైవరు, "ఇంత ఎత్తు మీద గుండిగలో పప్పుడకదండీ, కుక్కరుండాల" అన్నాడు. ముందే చెప్పొచ్చు కదయ్యా అంటే, తననెవరూ అడగలేదన్నాడు.

నలభై మంది ఆకలి ముందు మాస్టారి సిద్ధాంతం ఎంతసేపు నిలుస్తుంది? అయినా ఆయన ఒక్కసారిగా లొంగిపోలేదు. "శౌరమ్మగారూ, ముందు మీరిద్దరూ వెళ్ళి మంచి హోటలొకటి చూడండి. నూనె ఏ వాసనేస్తందో, వంటిల్లు శుభ్రంగా ఉందో లేదో మీకే తెలుద్ది. కాస్త రుచి కూడా చూసి రండి. మీరు సరేనంటేనే మేం కదిలేది. ఆలస్యం చేయకండి" అన్నారు.

శౌరమ్మ గబగబా రోడ్డెక్కింది. మలుపు తిరిగాక అమలమ్మ చెయ్యి పట్టుకుంది. "ఒదినా, రుచి చూడమన్నారుగా మాస్టారు. విస్తరేయించుకుని చూస్తే తప్పా?"

"చెంచాడు చూస్తే ఏం తెలుద్ది వదినా? పప్పు నుంచి మజ్జిగ దాకా చూస్తేగానీ రుచి చూసినట్టు కాదు" అంది అమలమ్మ. ఆకలి వేస్తే అమలమ్మ తీర్పులు ఎప్పుడూ న్యాయంగానే ఉంటాయి.

అలా ఇద్దరూ కొండ ఊరి తిండి మీద పడ్డారు. బజారంతా చాక్లెట్ కొట్లే. ఒక కుర్రాడు రుచి చూడమని నల్లటి ముక్క చేతిలో పెట్టాడు. ఉయ్యూరు చెరకు తిని పెరిగిన నోరు కదా, శౌరమ్మ మొహం చిట్లించి, "బెల్లం పాకం మాడితే ఇట్టాగే ఉంటది" అని తేల్చేసింది. అమలమ్మ మాత్రం ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడానికి మూడు ముక్కలు తిన్నది. ఇంకోచోట ఆవిరి పాత్రలో తెల్లటి మోమోలు కనబడ్డాయి. ఉడకబెట్టిన కజ్జికాయలనుకుని ఆశగా కొరికితే లోపల కొబ్బరికి బదులు క్యాబేజీ తగిలింది. పక్కనే వేయిస్తున్న మిరపకాయ బజ్జీ జానెడుంది, కారం మాత్రం దొండకాయకున్నంతే. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒక్కటే ఇద్దరికీ నచ్చింది.

"ఇయ్యన్నీ నిలబడి తినే తిళ్ళు ఒదినా. నిలబడి తినడం నాకు జన్మంతా ఉంది. కూర్చోబెట్టేది చూడు" అంది శౌరమ్మ. పెద్ద బజారులో కూర్చోబెట్టే చోట్లన్నీ కిక్కిరిసి ఉన్నాయి. అందుకని ఇద్దరూ కింద సందుల్లోకి దిగారు.

అక్కడొక చిన్న హోటలు. శౌరమ్మ గుమ్మంలో నిలబడి, "భోజనం ఉందా బాబూ?" అని అడిగింది. కౌంటరు దగ్గర మనిషి తల ఊపి, "ఇరుక్కు, ఇరుక్కు" అన్నాడు.

"ఇరుకంట ఒదినా, చోటు లేదంట" అని ఇద్దరూ వెనక్కి తిరిగారు.

పక్క సందులో ఇంకొక హోటలు. అక్కడా అదే ప్రశ్న, అదే జవాబు: "ఇరుక్కుమ్మా." శౌరమ్మ ఆ మనిషి భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. బల్లలన్నీ ఖాళీ. ఈగ కూడా లేదు. మెట్లు దిగుతుంటే ఆమె మొహం మాడిపోయింది.

"కుర్చీలన్నీ ఖాళీగా పెట్టుకుని ఇరుకంటాడేంటి? మన మొహాలు చూసి అంటన్నాడా?"

ఆ మాట అనేశాక ఆమెకు నిజంగానే బాధ కలిగింది. ఒకసారి ఒక పెద్దింటి పెళ్ళిలో ఊరందరికీ వండిపెట్టి, ఆఖరున విస్తరి కోసం వస్తే, లోపల చోటు లేదు, గొడ్లపాక దగ్గర కూర్చోండి అన్నారు. లోపల అప్పటికి బల్లలు మడుస్తున్నారు కూడా. అప్పుడు నవ్వి ఊరుకుంది గానీ, ఆ మాట ఇన్నేళ్ళయినా లోపల ఎక్కడో గుచ్చుకునే ఉంది. ఇంత దూరం వచ్చి, ఈ చలి కొండ మీద కూడా అదే మాట వినాలా అనుకుంది.

"పోదాం పద. మన గోంగూర మనకుంది" అంది.

"ఇంకొక్కచోట అడుగుదాం వదినా. నాకు కళ్ళు తిరుగుతున్నయ్" అంది అమలమ్మ.

సందు చివర ఒక మెస్సు ఉంది. గుమ్మంలో లావుపాటి ఆవిడ, నుదుటి నిండా కుంకంతో, తలకు మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉంది. శౌరమ్మకు ఇక అడగబుద్ధి కాలేదు. అమలమ్మే అడిగింది. ఆవిడ మొహం విప్పారింది. "ఇరుక్కు, ఇరుక్కు! వాంగ, వాంగ!" అని చేతులూపింది.

"ఇక్కడా ఇరుకేనంట. అయితే వంగి రమ్మంటంది" అంది అమలమ్మ.

చోటు లేదని తిప్పి పంపకుండా, వంగితే దూరొచ్చన్న మనిషి ఒకరైనా దొరికింది, అదే పదివేలనుకుంది శౌరమ్మ. గుమ్మం మనిషిన్నర ఎత్తుంది. అయినా చెప్పిన మాట వినాలి కదా. వియ్యపురాళ్ళిద్దరూ నడుముకు చెయ్యి ఆనించి, సగానికి వంగి లోపలికి నడిచారు. ఇది ఆంధ్రావాళ్ళ మర్యాద కాబోలనుకుని ఆవిడ కూడా చేతులు జోడించి సగానికి వంగింది. ముగ్గురూ వంగి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాసేపటికి ఇక వంగలేక అందరూ లేచి నిలబడ్డారు.

లోపల బల్లలూ కుర్చీలూ హాయిగా ఉన్నాయి. వంటింటి గడప దగ్గర గిన్నెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆవిడ అన్నం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మూత తీసి చూపించింది. "సాదం ఇరుక్కు. సాంబార్ ఇరుక్కు. పొరియల్ ఇరుక్కు. రసం ఇరుక్కు."

శౌరమ్మ టక్కున ఆగింది. "రసానికి ఇరుకేంటి ఒదినా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఇరుక్కు అంటే ఉందని, వాంగ అంటే రండని! అక్కడా ఉందన్నారు, ఇక్కడా ఉందన్నారు. ఎవరూ ఆమెను కాదనలేదు. పాపం, ఆ మెట్ల దాకా వచ్చి తిట్టుకుంటూ వెళ్ళిపోయిన ఈ ఇద్దరు ఆడవాళ్ళని చూసి ఆ హోటళ్ళవాళ్ళు ఏమనుకున్నారో! శౌరమ్మకు నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. గుండెల మీద నుంచి ఏదో దించినట్టయింది.

కుర్చీలో కూర్చుంది. ముందు అరిటాకు పడింది. దాని మీద ఆమె నీళ్ళు చల్లి అరచేత్తో తుడిచింది. మెస్సావిడ భర్త, మీసాలాయన, బకెట్టు పట్టుకుని వచ్చి పొగలు కక్కే అన్నం పెట్టాడు. క్యారెట్టు, బీన్సు కొబ్బరేసి చేసిన వేపుడులాంటి పొరియల్ వచ్చింది. అప్పడం వచ్చింది. సాంబారు వచ్చింది. శౌరమ్మ వేలితో ముందు సాంబార్లోని పప్పు నలిపి చూసింది. వెన్నలా ఉంది. కుక్కరే అనుకుని, తర్వాత ఇక ఏమీ అనుకోకుండా తినసాగింది.

మీసాలాయన మళ్ళీ వచ్చి బకెట్టు వంచుతూ, "పోదుమా?" అన్నాడు.

శౌరమ్మ చేతిలో ముద్ద ఆకులో పెట్టేసింది. "ఎక్కడికి పోదామంటన్నాడొదినా? కూర్చుని ఎంతసేపయిందని?"

"బంతి లేపేస్తన్నాడేమో" అంది అమలమ్మ, గబగబా రెండు ముద్దలు ముందుజాగ్రత్తగా మింగుతూ.

శౌరమ్మ ఆకు అంచు ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది. "పోను!" అంది, పందిరి చివరి దాకా వినబడే గొంతుతో. ఆయన తలాడించి ఇంకో గరిటెడు సాంబారు పోశాడు. మళ్ళీ "పోదుమా?" అన్నాడు. "పోనంటే పోనయ్యా! తిన్నాకే లేచేది!" ఆయన ఇంకా ఆనందపడి అన్నం కుమ్మరించాడు. ఆకు మీద అన్నం కొండలా పేరుకుంటుంటే మెస్సావిడ నవ్వుతూ వచ్చి, తన పొట్ట మీద చెయ్యి పెట్టి, నిండిందన్నట్టు చూపించి, "పోదుమ్?" అంది.

"చాలా?" అని అడుగుతున్నాడన్నమాట. ఇందాకటి నుంచీ ఆయన అడుగుతున్నది అదే. చాలా, ఇంకొంచెం వేయనా, అని.

శౌరమ్మకు ఏడుపొచ్చింది. దాన్ని మిరియాల రసం మీదికి నెట్టే ప్రయత్నమేమీ చేయలేదు. ముక్కు చీదుకుని, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, రసం గరిటె కోసం దోసిలి పట్టింది. కొండ వెల్లుల్లి దంచి వేసిన రసం, గొంతు దిగుతుంటే ఒళ్ళంతా వెచ్చబడింది. ఆయన మళ్ళీ "పోదుమా?" అన్నప్పుడు, అర్థం తెలిసి కూడా, "పోను" అనే అంది.

అప్పుడు సందులో ఈల వినబడింది.

ఎదురుచూసి ఎదురుచూసి, ఇక తాళలేక యాత్ర మొత్తం వీళ్ళను వెతుక్కుంటూ బయల్దేరింది. ముందు మాస్టారు, వెనక మంకీ టోపీలు. లోపల పట్టినవాళ్ళు పట్టారు, మిగతావాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. ఉన్న కుర్చీలు నిమిషంలో నిండాయి. కుర్చీ దొరకనివాళ్ళు పెళ్ళిళ్ళలో చేసినట్టే, తింటున్నవాళ్ళ వెనక చేరి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. శౌరమ్మ కుర్చీ వెనక అబ్రహాము మాస్టారు నిలబడ్డారు. ఆయన ఊపిరి ఆమె జుట్టుకు తగులుతోంది.

"చూసి రమ్మంటే ఇక్కడున్నారా! సరే, అయిందేదో అయింది. శౌరమ్మగారూ, మీరు కాస్త లేచి లోపలికెళ్ళి, మనవాళ్ళకి కారం దండిగా వేయమని చెప్పండి. ఉప్పు కూడా ఒకసారి చూడండి. ఇక్కడ నేను కూర్చుంటా" అన్నారు.

శౌరమ్మ లేచింది. లేవాలనుకుని లేవలేదు, ఇన్నేళ్ళ అలవాటుకు కాళ్ళు వాటంతటవే లేచాయి. ఎంగిలి చెయ్యి గాల్లో ఉంది. కుర్చీ అప్పుడే మాస్టారి చేతిలో సగం వెనక్కి జరిగింది. అమలమ్మ తినడం ఆపి చూసింది. ఆకులో రసమన్నం సగం మిగిలి, ఇంకా పొగలు వస్తున్నాయి.

శౌరమ్మ ఎడమచేత్తో కుర్చీని ముందుకు లాక్కుంది. కూర్చుంది.

"మాస్టారూ, ఈ బంతి నాదండీ. తిని లేస్తాను. మీరు నిలబడండి" అంది.

గొంతు పెంచలేదు. అయినా గుమ్మం అవతల ఉన్నవాళ్ళకు కూడా వినబడింది. మాస్టారు ఈల నోటి దాకా తెచ్చుకుని, ఊదకుండానే వదిలేశారు. ఊళ్ళో ఏ విందులోనూ ఆయన మొదటి బంతి తప్పలేదు. నిలబడి ఇంకొకరి విస్తరి వైపు చూడాల్సి రావడం ఆయనకు ఇదే మొదలు. కాసేపు కాలు మార్చి కాలు నిలబడ్డారు. రసం వాసనకు ఆయన గుటక వేయడం శౌరమ్మకు స్పష్టంగా వినబడింది. ఆమె తొందరపడలేదు. మజ్జిగ పోయించుకుంది. ఊరగాయ ముక్క ఇంకొకటి అడిగి వేయించుకుంది.

చివరికి మాస్టారే కొంచెం వంగి, మెల్లగా అడిగారు. "పోనీ, ఎట్టా ఉందో అదన్నా చెప్పండి. తినొచ్చా?"

శౌరమ్మ వేళ్ళు నాకి, ఆలోచించి, మేస్త్రి గొంతుతో చెప్పింది. "కారం మనం తినేంత లేదండీ. సాంబార్లో ఉప్పు పిసరంత తగ్గింది. కొబ్బరి కాస్త ఎక్కువైంది."

"అంటే బాగాలేదా?"

"భలేవారే. ఇంత మంచి భోజనం నేనెప్పుడూ తినలేదండీ" అంది శౌరమ్మ. "నేను వండలేదుగా."